రెండు మూరల దూరం

విత్తనాల శెనక్కాయలు వలిచే రోజులంటే మా ఊరి ఆడవాళ్లకు తిరునాళ్లే. ముంగారు తొలకరి వానకు ముందు, ఆకాశంలో పేరుకైనా మబ్బు లేని రోజుల్లో, హనుమంతరాయుడి పంచలో రెండు వరసలుగా పాతికమంది కూర్చునేవాళ్లు. పప్పు మీద పొర చిట్లితే గింజ మొలవదు. అందుకని కాయల్ని రాళ్లతో కొట్టకూడదు, పళ్లతో కొరకకూడదు. బొటనవేలితో నొక్కి, కాయ తనంతట తానే నోరు తెరిచినట్టు వలవాలి. ఆ టపటప చప్పుడు, కాయలకు అంటిన ఎర్రమట్టి వాసన, మధ్యమధ్య ఊళ్లోవాళ్ల సంసారాల మీద సాగే మాటలు. ఇప్పుడు మిషన్లు వచ్చి ఆ పంచలన్నీ మూగబోయాయి.

మా అవ్వ తిప్పమ్మకు ఆ వరసల్లో ఎక్కువ రోజులు చోటు దక్కలేదు. ఆమె వేళ్లు నిదానం, నోరు వేగం. పక్కన కూర్చున్నవాళ్లు నవ్వి నవ్వి పని మరిచిపోతున్నారని యాభైఎనిమిదిలో హనుమంతరాయుడు ఆమెను వరసలోంచి లేపి గొడ్ల కొట్టంలోకి పంపించాడు. పగలంతా ఎద్దులు బయటే ఉంటాయి గనక కొట్టం ఖాళీ. తల్లుల వెంట వచ్చిన చిన్నపిల్లలు విత్తనాలు నమిలేస్తున్నారని వాళ్లను కూడా అక్కడికే తోలాడు. పిల్లల్ని చూసుకుంటే వలిచేవాళ్లతో సమానంగా కూలి. అలా దొరికిన పనిని తిప్పమ్మ పదకొండేళ్లు చేసింది. చేసినన్నాళ్లూ పిల్లల గురించి తనకు తెలియనిది లేదని చెప్పుకునేది. మొదటి ఏడాది తానేం చేసిందో మాత్రం చెప్పేది కాదు. అది పంచలో ఆమెతోపాటు కాయలు వలిచిన జుబేదాబీ చెబితేనే బయటపడింది.

అప్పటికి మా నాయన దాసప్పకు రెండున్నరేళ్లు. తిప్పమ్మకు అతనొక్కడే కొడుకు. పిలిస్తే పలికేవాడు, అడిగితే రెండు మాటలు చెప్పేవాడు. తిండి దగ్గర ఏ లోటూ లేదు, ఆ గుణం ఈనాటికీ పోలేదు. కానీ పిల్లలతో ఆడేవాడు కాదు. కొట్టంలో నాలుగైదేళ్ల పిల్లలు బండి కట్టి తోలుతూ, దొంగల్ని పడుతూ దుమ్ము లేపుతుంటే, ఇతను గోడ వార ఒక టెంకాయ చిప్ప పట్టుకుని కూర్చునేవాడు. చిప్పలో ఇసుక నింపేవాడు, ఒంపేవాడు, మళ్లీ నింపేవాడు. పొద్దు నెత్తి మీదికి వచ్చేదాకా అదే పని.

అతనికి రెండు మూరల దూరంలో జుబేదాబీ కూతురు రమీజా కూర్చునేది. ఆమెకూ అంతే వయసు. వాళ్ల నాయన పీరాసాబ్ ఊరూరా తిరిగి ఇత్తడి గిన్నెలకు కళాయి పూసేవాడు. ఆయన పారేసిన వంకర గరిటె ఒకటి ఆమె చేతిలో ఉండేది. దాంతో ఇసుక తవ్వి కుప్ప పోసేది. ఇద్దరికీ ఇసుకే ఆట. అయినా ఒకరితో ఒకరు మాట్లాడరు, ఒకరి ముఖం ఒకరు చూడరు. మూడు రోజులు చూసి, వీళ్లిద్దరికీ ఏదో తగాదా వచ్చిందని తిప్పమ్మ అనుకుంది. రెండున్నరేళ్లవాళ్లకు ఏం తగాదా ఉంటుందో ఆమెకే తెలియాలి.

ఇంటికి వెళ్తే అత్త మారెక్క కాచుకుని ఉండేది. ఈ రోజైనా మనవడు ఎవరితోనైనా ఆడాడా అని రోజూ అడిగేది. లేదని చెబితే దెప్పడం మొదలుపెట్టేది.

"ఈ వయసుకు నా కొడుకులు నలుగురూ ఒకర్నొకరు కొరుక్కుంటాండిరి. వీడేంది మే, గోడతో సంసారం చేస్తాండాడు? ఇంకొక కదిరప్పను కన్నావా ఏమి?"

కదిరప్ప ఆ ఊరి చివర ఒంటరిగా ఉండే నడివయసు మనిషి. ఎవరితోనూ మాట కలపడు. ఆకతాయిలు రాళ్లు విసిరినా తల తిప్పి చూడడు. ఆ మాట తిప్పమ్మను పట్టుకుంది. రాత్రి పక్కలో పడుకున్న కొడుకు ముఖంలో కదిరప్ప పోలికలు వెతికేది. కనిపించేవి కావు. అయినా మరునాడు మళ్లీ వెతికేది.

ఆమె మొగుడు సుంకన్న ఆ చుట్టుపక్కల కోడెల్ని కాడికి అలవాటు చేసే మనిషి. ముక్కుతాడు వేసిన రెండు పొగరు కోడెల మెడల మీద ఒకే కాడి పెట్టి నీళ్లెండిన వంక ఇసుకలో నడిపిస్తే, మొదటి రోజు ఒకటి తూర్పుకు, ఒకటి పడమరకు గుంజుకుంటాయి. నాలుగో రోజుకు ఒకే అడుగు వేస్తాయి. తిప్పమ్మ ఇది లెక్కలేనన్నిసార్లు చూసింది. కోడెలకు పనికొచ్చింది పిల్లలకు ఎందుకు పనికిరాదు అనుకుంది.

మరునాడు పొద్దున పాత చీర అంచు చింపి తీసుకుపోయింది. ఒక కొస దాసప్ప నడుముకు, ఇంకొక కొస రమీజా నడుముకు కట్టింది. మధ్యలో మూరెడు వదిలింది. కట్టి, చేతులు నడుము మీద పెట్టుకుని, ఇక నాలుగు రోజులే అన్నట్టు చూసింది.

నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు. దాసప్ప చిప్ప కోసం ఇటు వంగాడు, రమీజా గరిటె కోసం అటు పాకింది. ఇద్దరూ ఒక్కసారే వెనక్కి పడ్డారు. పెద్ద పిల్లలకు ఇంతకంటే మంచి ఆట ఏముంటుంది? చుట్టూ చేరి హై హై అంటూ తోలడం మొదలుపెట్టారు. రమీజా మోచెయ్యి ఎద్దులు మేసే గాటి రాయికి గీసుకుని రక్తం వచ్చింది. ఏడుపు విని జుబేదాబీ ఒళ్లో తొక్కలు రాల్చుకుంటూ పంచలోంచి పరుగెత్తుకొచ్చింది. ముడిని పళ్లతో లాగి విప్పింది.

"మీ ఆయన కోడెల్ని కట్టుకుంటే కట్టుకోనీ. నా బిడ్డను యాంటికి కడితివి తిప్పక్కా?"

కలిసి ఆడుకుంటారని కట్టానని తిప్పమ్మ నసిగింది.

"వాళ్లు ఆడుకుంటానే ఉండిరి కదా. నీకు కనపళ్లేదా?" అని, జుబేదాబీ కూతుర్ని ఎత్తుకుని ఇంటికి వెళ్లిపోయింది. కోపంలో అన్న మాటే అనుకుని తిప్పమ్మ దాన్ని వదిలేసింది.

మరునాడు జుబేదాబీ పనికి రాలేదు. దాసప్ప మామూలుగా గోడ వారకు పోయి కూర్చున్నాడు. చిప్ప చేతిలోనే ఉంది, ఇసుక మాత్రం నింపలేదు. రెండు మూరల అవతల ఖాళీ నేలను చూస్తూ ఉండిపోయాడు. మధ్యాహ్నం సంగటి ముద్ద పెడితే బుగ్గన పెట్టుకున్నాడు, మింగలేదు. రెండో రోజూ అంతే. తిండి దగ్గర మా నాయన వెనక్కి తగ్గాడంటే అది చిన్న సంగతి కాదు. మారెక్క దిష్టి తగిలిందని ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసింది. ఇల్లంతా దగ్గింది తప్ప పిల్లాడు తినలేదు.

సుంకన్న రోజుకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ. మూడో రోజు పొద్దున తలగుడ్డ చుట్టుకుంటూ, ఏం జరిగిందో పెళ్లాం నోట మొత్తం విన్నాడు. విని నవ్వలేదు. అందుకు తిప్పమ్మ ఆయనకు జన్మంతా రుణపడి ఉండాలి.

"కాడి వేసేది కడాకు మే," అన్నాడు. "దానికి ముందు పది పన్నెండు దినాలు రెండిట్నీ పక్కపక్కన కడతాం. దాని మేత అది మేస్తాది, దీని మేత ఇది మేస్తాది. దాని వాసన దీనికి పట్టాల. అది యానాడన్నా చూసినావా నువ్వు?"

చూడలేదు. పక్కపక్కన నిలబడి మేసే ఎద్దుల్లో చూడ్డానికి ఏముంటుంది? కాడి వేసిన రోజు జరిగే తమాషానే ఆమె చూసింది. ఆ పది రోజులూ ఏమీ జరగడం లేదనుకుంది.

ఆ సాయంత్రం కొడుకును చంకన వేసుకుని జుబేదాబీ ఇంటికి పోయింది. జుబేదాబీ గడప ముందు కూర్చుని చేట్లో కొర్రలు చెరుగుతూ ఉంది. తల ఎత్తకుండానే కూసో అంది. తిప్పమ్మ కూర్చుంది. దారి పొడుగునా సిద్ధం చేసుకున్న మాటలు చాలా ఉన్నాయి గానీ ఒక్కటీ బయటికి రాలేదు. ఆ నోటికి అలాంటి గతి పట్టడం అదే మొదలు.

వాకిట్లో రమీజా గరిటెతో మట్టి తవ్వుతూ ఉంది. మోచేతి మీద గీత ఎండి నల్లబడింది. దాసప్ప చంక దిగి, ఆమె దగ్గరికి పోకుండా, పక్కకు తిరిగి కూర్చున్నాడు. ఎవరో కొలిచి పెట్టినట్టు రెండు మూరల దూరం. ఆమె అతన్ని చూడలేదు, అతను ఆమెను చూడలేదు. మళ్లీ మొదటికే వచ్చిందని తిప్పమ్మ అనుకుంది.

కాసేపటికి రమీజా గరిటెతో మట్టి కుప్పను మూడుసార్లు తట్టింది. దాసప్ప చిప్ప బోర్లించి మూడుసార్లు తట్టాడు. ఆమె కుప్ప చెరిపింది. ఇతను చెరిపాడు. ఆమె చెయ్యి దులుపుకుంది. ఇతనూ దులుపుకున్నాడు. తల తిప్పలేదు. కంటి కొస ఒక్కటి పిల్ల వైపు పోయి వచ్చింది, అంతే. ఆ తర్వాత ఇతను చిప్పను గిర్రున తిప్పితే ఆమె గరిటెను తిప్పింది.

తిప్పమ్మ మెల్లగా ముందుకు జరిగి చూసింది.

"చూస్తానే ఉండాడు జుబేదా," అంది చివరికి. "వీడు పాపనే చూస్తానే ఉండాడు."

"మొదట్నుంచీ చూస్తాండాడు. నువ్వే చూళ్లేదు."

"తప్పు నాదే. రేపు పాపను తీసుకొస్తావా?"

జుబేదాబీ చేట పక్కన పెట్టింది. పిల్ల మోచెయ్యి వైపు ఒకసారి, ఆమె ఆట వైపు ఒకసారి చూసింది.

"వస్తాలే. చీర పేలికలు మాత్రం ఇంట్లో పెట్టి రా వదినా."

పిలుపులో అక్క పోయి వదిన వచ్చిందంటే కోపం తగ్గినట్టే. ఇంటికి వచ్చిన దాసప్ప ఆ పూట రెండు ముద్దలు తిని మూడోదానికి చెయ్యి చాపాడు.

ఆ తర్వాత గొడ్ల కొట్టంలో తిప్పమ్మ పని మారిపోయింది. పిల్లల్ని కలపడం మానేసి కాపలా కాయడం మొదలుపెట్టింది. బండి తోలే పెద్ద పిల్లలు ఆ ఇద్దరి ఇసుక తొక్కకుండా చింతబరిక ఒకటి అడ్డం పెట్టుకుని కూర్చునేది. వాళ్లు ఎవరి ఆట వాళ్లు ఆడేవాళ్లు. ఇంట్లో మారెక్క ఆడాడా అని అడిగితే, ఆడాడు అత్తా, వాని ఆట వాడు, పాప ఆట పాప అని చెప్పేది. అదేం ఆట అని మారెక్క మూతి తిప్పేది. కొడుకు ముఖంలో కదిరప్పను వెతకడం తిప్పమ్మ మానేసింది. అత్త మాత్రం మానలేదు.

కాయల వలుపు ముగిసే రోజు మారెక్క తానే స్వయంగా చూసి తేల్చేద్దామని గంజి చెంబు పట్టుకుని కొట్టానికి వచ్చింది. కోడలు అత్తను గుమ్మం దగ్గరే ఆపింది. లోపల దాసప్ప చిప్ప నిండా ఇసుక నింపాడు. ఒంపుకోవడానికి ఎత్తి, ఆగాడు. కూర్చున్న చోటు నుంచే జానెడు, ఇంకొక జానెడు పక్కకు జరిగాడు. ముఖం గోడ వైపే పెట్టుకుని, ఆ ఇసుకంతా రమీజా కుప్ప మీద ఒంపి, చిప్పను అక్కడే వదిలాడు. రమీజా కూడా తల ఎత్తలేదు. గరిటె తిప్పి ఆ ఇసుకను చదును చేసి, ఖాళీ అయిన చిప్పను ఒక వేలితో అతని వైపు తోసింది.

మారెక్క ఏదో అరవబోయింది. తిప్పమ్మ చటుక్కున అరచేత్తో ఆమె నోరు మూసింది. అత్త నోరు మూసిన కోడలు ఆ ఊళ్లో అంతకు ముందు లేదు. విచిత్రం ఏమిటంటే, మారెక్క ఆ చెయ్యి తోసెయ్యలేదు. చెంబులో గంజి చల్లారిపోయేదాకా ఇద్దరూ అలాగే నిలబడి చూశారు.