ఓడిపోయిన రోజు కూడా మైకు పట్టుకున్న మా ఆనందు

నిన్న పొద్దున్న బియ్యం కడుగుతుంటే ఫోను మోగింది. మా అక్క కొడుకు.

"పిన్నీ, ఒక్కదానివే ఉన్నావా? పక్కన ఎవరైనా ఉన్నారా?" అన్నాడు.

అలా అడిగేరంటే ఏదో అయ్యిందనే. కానీ నా కొడుకు ఆనందు గురించి అనుకోలేదండి.

అమలాపురంలో పెళ్ళికి మైకు సెట్ కట్టడానికి వెళ్ళేడు. ఆటోలోంచి బాక్సులు దింపుతుంటే గుండెనొప్పి వచ్చిందంట. ఆసుపత్రికి తీసుకెళ్ళేలోపే అయిపోయిందంట.

నాకింకా నమ్మకం కుదరట్లేదు. వీధిలో ఆటో ఆగితే వాడే అనుకుంటున్నాను.

వాడి ఫోన్లోంచే ఇది రాస్తున్నాను. వాడి ఫ్రెండ్స్ అంతా ఇందులోనే ఉన్నారు కదా. తప్పులుంటే సర్దుకోండి.

ఒక్క సంగతి చెప్పాలి మీకు.

మా ఎంపీ సీటు ఎస్సీలకి రిజర్వుడు. రెండు పార్టీల్లోనూ మన పేటలవాళ్ళే నిలబడతారు. అందుకని ఎన్నికలొస్తే ఊరు కాదు, ఇళ్ళే రెండుగా చీలతాయి.

మాదొక పార్టీ. అదే వీధిలో ఉన్న మా అక్కా బావగార్లది ఇంకో పార్టీ.

తొంభై ఎనిమిదిలో మా పార్టీ గెలిచింది. అప్పుడు ఆనందు కొత్తగా మైకు ఆటో కొన్నాడు. ఊరేగింపులో వాడే తోలేడు, మైకులో వాడే మాట్లాడేడు.

మా అక్క ఇంటి ముందు ఆపరా అన్నారు పెద్దవాళ్ళు. ఆపేడు. టపాకాయల దండ అక్కడే అంటించేరు.

లోపల బావగారు ఆపరేషన్ అయ్యి మంచం మీద ఉన్నారు.

అక్క బయటికొచ్చి వాడి మొహం చూసింది. "నువ్వు కూడానా నాన్నా" అంది. అంతే. తలుపేసేసింది.

ఆ తలుపు నాకు కూడా మూసుకుపోయిందండి.

ఆదివారం ప్రార్థనకి వెళ్తే నేనొక చాప మీద, అక్క ఇంకో చాప మీద. కుళాయి దగ్గర నన్ను చూస్తే బిందె ఎత్తుకుని వెళ్ళిపోయేది. అమ్మ పోయేక నాకు అమ్మ లాంటిది అక్క. తను నాతో మాట్లాడకపోతే ఇంట్లో దీపం లేనట్టుండేది.

ఏళ్ళు గడిచిపోయేయి.

రెండు వేల నాలుగులో అంతా తిరగబడింది. ముందు రాష్ట్రంలో మా ప్రభుత్వం పోయింది. తర్వాత కౌంటింగ్‌లో ఎంపీ సీటు కూడా పోయింది. టీవీ కట్టేసి కూర్చున్నాం.

ఈసారి టపాకాయలు మా ఇంటి ముందేనని పేటంతా అనుకుంటున్నారు.

ఆ రోజు ఎక్కడ చూసినా ఊరేగింపులే. రాజోలులో మైకు సెట్లన్నీ బుక్ అయిపోయేయంట. గెలిచిన పార్టీ కుర్రాళ్ళు నవ్వుకుంటూ మా ఇంటికే వచ్చేరు.

"ఏరా ఆనందూ, మైకు అద్దెకిస్తావా? ఏడుపొస్తే వద్దులే."

"ఆయ్, ఇస్తానండి. నేనే తోల్తాను. నేనే మాట్లాడతాను."

నాకు ఒళ్ళు మండిపోయింది. లోపలికి పిలిచి తిట్టేను. వాళ్ళకి జై కొట్టడానికి నువ్వే దొరికేవా అన్నాను.

వాడు నెమ్మదిగా చెప్పేడు. "ఎవడో తోలితే వాడికి నచ్చినచోట ఆపుతాడమ్మా. నేను తోలితే నాకు నచ్చినచోట ఆపుతాను."

నేను తలుపేసుకుని లోపల కూర్చున్నాను. మైకు వినపడుతూనే ఉంది.

మా అక్క ఇంటి ముందు ఆటో ఆగింది. పాట ఆపేడు.

"పెదనాన్నగారూ, ఆరోజు మీరు మంచం మీద ఉంటే నేనిక్కడే ఆటో ఆపేనండి. తప్పయిపోయింది. ఇవాళ మీ పార్టీ గెలిచింది. మొదటి పూలదండ మీకేనండి."

పేటంతా విన్నారు. టపాకాయలు పట్టుకున్న కుర్రాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయేరంట.

తర్వాత మైకులో అక్క గొంతు వినపడింది. వాడింకా ఆపలేదు కదా.

"చాల్లేరా, చెవులు పోతున్నాయి. ఎండకి మొహం చూడు, ఎలా మాడిపోయిందో. అన్నం తిన్నావా?"

"లేదు పెద్దమ్మా. ఓడిపోయేం కదా, మా అమ్మ వండలేదు."

అందరూ నవ్వేరు. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

కాసేపటికి మా తలుపు ఎవరో దబదబా కొట్టేరు.

"తియ్యవే. ఎంపీ ఓడిపోతే పిల్లాడిని పస్తు పెడతావా?"

తలుపు తీసేను. అక్క చేతిలో చేపల పులుసు గిన్నె. వెనకాల ఊరేగింపంతా నిలబడి ఉంది. ఒక్కడు కూడా టపాకాయ కాల్చలేదు.

సారీలు చెప్పుకోలేదు మేమిద్దరం. కంచాలు పెట్టేను. అక్క వడ్డించింది.

ఆ తర్వాత ఎన్ని ఎన్నికలు వచ్చినా, ఏ పార్టీ గెలిచినా, మా ఓట్లు మాత్రం ఎప్పుడూ కలవలేదండి. అక్క ఇప్పటికీ వాళ్ళ పార్టీయే. కానీ మా రెండిళ్ళ మధ్యకి ఏ ఎన్నికా రాలేదు. బావగారు పోయినప్పుడు పాడె పట్టినవాళ్ళలో నా కొడుకు ముందున్నాడు.

నిన్నటి నుంచీ రెండు పార్టీలవాళ్ళూ వచ్చి కూర్చుంటున్నారు. షామియానా ఒకళ్ళు వేసేరు, కుర్చీలు ఇంకొకళ్ళు తెచ్చేరు. ఎవరు ఏ పార్టీయో నాకు గుర్తుకు రావట్లేదు. అందరికీ దణ్ణాలు. మీ రుణం తీర్చుకోలేను.

దేవుడు నా కొడుకుని ఇంకొన్నాళ్ళు ఉంచాల్సింది. ఆ మాట నేను దాచుకోను. కానీ అలాంటి పిల్లాడిని నా కడుపున వేసినందుకు ఆయనకి స్తోత్రం.

రాత్రంతా అక్క నా పక్కనే ఉంది. పొద్దున్న బలవంతంగా రెండు ముద్దలు నోట్లో పెట్టింది. ఇది రాస్తుంటే కూడా నా భుజం మీద చెయ్యేసి ఉంది.

ఈ రోజుకి నేను ఒక్కదాన్నే ఉండకూడదని, అక్కని అప్పుడే తెచ్చి పెట్టేవేమో నాన్నా.

వెళ్ళు ఆనందూ. అమ్మ గురించి బెంగ పెట్టుకోకు. ప్రభువు దగ్గర నీకు నెమ్మది దొరకాలి.