పుట్టింటికి పంపిన ఎలుక

విత్తనపు శనక్కాయల వాసన వస్తే నాకు ఇప్పటికీ ఆ ఎలుకే గుర్తొస్తుంది. కాయలు పీకేటప్పుడు చేలో దొరికిన పిల్లను కుండలో పెట్టి సాకాను. పెద్దయ్యాక రాత్రిళ్లు కుండ దాటిపోయి తెల్లారేసరికి తిరిగొచ్చేది. నేను పెట్టిన గింజలకే అది బలిసిందని మురిసిపోతుంటే, అవ్వ దాన్ని వెల్లకిలా తిప్పి చూసింది.

"కొవ్వు గాదు పాపా. చన్నులు ఎట్ల తేలినాయో చూడు. కడుపుతో ఉండాది."

నాయన మూలనున్న విత్తనాల మూటల వైపు చూసి, నా పక్కన కూర్చున్నాడు.

"తొలికాన్పు పుట్టింట్లోనే గదా పాపా. చేన్లో ఇడిసిపెట్టొస్తాలే."

నిజమే అనిపించింది. దాని మెడకు ఎర్రదారం కట్టి, నుదుట కుంకుమ పెట్టి, నాయన తువ్వాల కొనలో గుప్పెడు గింజలు ముడివేసి పంపాను.

మర్నాడు పేడ వెయ్యడానికి పోతే దిబ్బలో ఆ ఎర్రదారం కనిపించింది. ఎలుక మెడకే ఉంది. తల చితికిపోయి ఉంది. పేడ దాని మీదే కుమ్మరించి ఇంటికొచ్చాను.

విత్తనం పోతే వానొచ్చినా చేను బీడేనని పెద్దయ్యాక తెలిసింది. చంపినందుకు నాయన మీద కోపం పోయింది. నేను కుంకుమ పెడుతుంటే చూస్తూ కూర్చున్నందుకు మాత్రం పోలేదు.

నా తొలికాన్పుకు నాయన బండి కట్టుకొని వచ్చినాడు.

"పుట్టింటికి పోదాం రామ్మా" అన్నాడు.

చాలాసేపటికి గాని నేను బండి ఎక్కలేదు.