కాళ్ల సందులోంచి చూసిన రాజహంస

నా చిన్నప్పుడు నాకు నోరెక్కువ, ఓపిక తక్కువ. భావనపాడు దగ్గర ఉప్పుమళ్లలో రాజహంసలు దిగాయని బడంతా చాటింది నేనే. మా మేనత్త కొడుకు, మా బావ, పకపకా నవ్వాడు. అవి మామూలు ఎర్రకాళ్ల కొంగలేనట. "ముక్కు సూడే. పసుప్పచ్చగుంటే కొంగ. గులాబీ రంగుండి కొస నల్లగుంటే అప్పుడొప్పుకుంతాను," అన్నాడు. ఓడినవాళ్లు వేసవి సెలవుల దాకా గెలిచినవాళ్ల పుస్తకాల సంచి మోయాలని పందెం. వాడి సంచి నేను మోయడమా! తలుచుకుంటేనే తలకొట్టేసినట్టుండేది.

ముక్కు కనబడితే కదా! బడి విడవగానే సంచులతోనే వెళ్లేవాళ్లం. గట్టు మీద నేను నాలుగడుగులు వేస్తే అవి పదడుగులు వెనక్కి జరిగేవి. పాకాను, తాటాకు అడ్డం పెట్టుకున్నాను. మూడు రోజులు అదే వరస. ఆ మళ్లలో పనిచేసే మా అత్త ఇదంతా చూసి నా చేతికి ఉప్పు లాగే కర్రపలక ఇచ్చింది. "అటు సూడకు. ఈ మడిలో ఉప్పు గట్టుకి లాగు," అంది. కొడుకు ఓడిపోకూడదనే నన్నిలా కట్టేసిందనుకుని మూతి ముడుచుకునే లాగాను.

అరిచేతులు మండుతుంటే పక్షుల సంగతి నిజంగానే మరిచిపోయాను. ఇంతలో వెనక నీళ్లమడిలో ఏదో కదిలిన చప్పుడు. తిరిగి చూస్తే అత్త ఊరుకోదు. అందుకని వంగి, నా కాళ్ల సందులోంచి చూశాను. అమ్మ బాబోయ్! ఎంత దగ్గరగా ఉందో! అది తల తలకిందులుగా నీళ్లలో పెట్టి తింటోంది. నేనూ తలకిందులే కాబట్టి నాకు తిన్నగానే కనబడింది. అంతలో ముక్కు పైకెత్తింది. గులాబీ రంగు, కొస మాత్రం కాటుకలో ముంచినట్టు నలుపు.

"నలుపే! అత్తా, నలుపే!" అని అరిచేశాను. మంద మొత్తం లేచిపోయింది. తెల్లగా కనబడ్డవి కాస్తా రెక్కలు విప్పేసరికి ఎర్రగా మెరిశాయి. గట్టు మీద మా బావ నోరు తెరుచుకుని చూశాడు. తరవాత నా సంచి భుజానికి తగిలించుకున్నాడు. అత్త పొట్ట పట్టుకుని నవ్వింది. "సూడ్డానికొచ్చినోల్లంటే వాటికి బయిం. పని సేసుకున్నోల్లంటే నేదు," అంది.

ఇప్పుడు నా మనవరాలు ఒక్కోసారి బడి నుంచి ముఖం మాడ్చుకుని వస్తుంది. ఏటైందే అని అడిగితే గదిలోకి పోయి తలుపేసుకుంటుంది. అందుకని అడగను, అటు చూడను కూడా. వీపు తిప్పి కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తాను. సగం కాయలయ్యేసరికి వెనక మెల్లగా అడుగుల చప్పుడు వినిపిస్తుంది. నాకెంత సంతోషమో చెప్పలేను. కానీ ఈసారి మాత్రం అరవను.