తెర వెనక నాయిన

శామీర్‌పేట రోడ్డు మీద గుమ్మటం సినిమా హాలు కట్టినప్పుడు దాని తెరను రేకు రేకుగా బిగించింది మా నాయినే. మేడ్చల్‌లో ఆయనకు చిన్న వెల్డింగు షెడ్డు ఉంది. బయట సిమెంటు గుమ్మటం, లోపల బోర్లించిన గిన్నెలా అల్యూమినియం తెర, రెండింటి మధ్య మనిషి పట్టేంత సందు. రేకుల నిండా జల్లెడ చిల్లులు, స్పీకర్ల శబ్దం బయటికి రావడానికి. కొన్నేళ్లు మూతపడ్డ ఆ హాలును ఈమధ్య బాగుచేస్తూ అరవై దాటిన నాయిననే మళ్లీ పిలిచారు. ఆయన మురిసిపోయాడు. నాకు మాత్రం ఆ రోజు నుంచీ గుండె దడే.

ఎంత ఎత్తుకెక్కినా ఆయన, జారితే ఆపే బెల్టు కట్టుకోడు. బెల్టు కొక్కెం తగిలితే రేకు సొట్టపడుతుందట, ఆ సొట్ట సినిమాలో ఆకాశం మీద మచ్చలా కనబడుతుందట. "మచ్చ పడితే నా పేరు పోతది బిడ్డా" అంటాడు. ఆ పేరు హాల్లో ఎక్కడా రాసి లేదు మరి!

ఒక పొద్దున పనివాళ్ల ఇళ్లవాళ్ల కోసం ట్రయల్ ఆట వేశారు. ఏ రేకు గలగలమంటుందో వినడానికి నాయిన తెర వెనకే ఉండిపోయాడు. నేను హాల్లో నిచ్చెనలా నిటారుగా ఉన్న మెట్లెక్కి సీట్లో కూర్చున్నాను. ఆటకు ముందు తెర వెనక దీపాలు వేశారు. చిల్లుల్లోంచి వెలుగొచ్చి, తెర మాయమై వెనకున్న ఇనుప చట్రమంతా బయటపడింది. అందరూ చప్పట్లు కొట్టారు. నడినెత్తిన, సన్నటి చెక్క మీద, నాయిన. నడుముకు బెల్టు లేదు.

అరిస్తే ఉలిక్కిపడి జారిపోతాడని నోరు నొక్కుకున్నాను. దీపాలు ఆరాయి. సినిమాలో ఏం చూపించారో నాకు తెలియదు. ఢమ్మని శబ్దం వచ్చినప్పుడల్లా ఆయన పడ్డాడనే అనుకున్నాను.

ఆట అయ్యాక దిగొచ్చి ఒకటే అడిగాడు. "మచ్చ గిట్ల కనబడ్డదా?"

నాకు ఒళ్లు మండింది. "కనబడ్డది. ఇంత పెద్దది, నడిమిట్ల" అన్నాను. బెల్టు లేకున్నా మచ్చ పడిందంటే ఇకనైనా కట్టుకుంటాడని నా ఉపాయం.

ఆయన ముఖం పాలిపోయింది. నేను ఇంకో మాట అనేలోపే వెనక్కి తిరిగి పైకెక్కాడు. నేను హాల్లోకి పరుగెత్తేసరికి తెర వెనక దీపాలు మళ్లీ వేసుకుని, ఆ వెలుగులో మోకాళ్ల మీద వంగి రేకులు తడుముతున్నాడు.

"ఏడున్నదే? జర చూపియ్యి!"

చట్రం పట్టుకున్న చెయ్యి కూడా వదిలేశాడు. అంత ఎత్తున ఆయన చెయ్యి వదలడం నేనెప్పుడూ చూడలేదు.

"అబద్ధమాడిన నాయినా! నీకు దండం పెడత, దిగు!"

"నన్ను దించనీకి అంటున్నవ్" అని ఇంకాస్త ముందుకు జరిగాడు.

ఆ రోజు ఎలాగో దిగాడు. ఏ మచ్చా లేదని ఎన్ని ఒట్లు వేసినా ఇప్పటికీ నమ్మడు. వారానికోసారి వెళ్లి, బెల్టు లేకుండానే ఎక్కి, నేను పెట్టిన మచ్చ కోసం వెతుకుతున్నాడు.