సందులో చీపురు వంతు

ఈ ఈస్టరు సెలవుల్లో మా అమ్మాయీ అల్లుడూ పిల్లను తీసుకుని స్కాట్లాండులోని ఎడిన్‌బరో చూసొచ్చారు. మోకాళ్లు మొరాయించడంతో నేనూ మా ఆయనా ఇక్కడ జర్మనీలో, మా కార్ల్స్‌రూహెలోనే ఉండిపోయాం. వచ్చిన మర్నాడే మా మనవరాలు ట్రామెక్కి మా ఇంటికొచ్చి, నన్ను ఆనుకుని కూర్చుని, ఫోనులో ఫోటోలు ఒక్కొక్కటే జరుపుతూ సగం జర్మన్‌లో, సగం తెలుగులో అక్కడి కథంతా చెప్పింది. కోట దగ్గర్నుంచి దిగే పెద్ద వీధికి రెండు పక్కలా చేపముల్లులా చీలిన ఇరుకు సందులట, వాటిని క్లోజ్ అంటారట, ఒక్కో సందుకూ ఒకప్పుడు అందులో ఉన్న షావుకారు పేరో అక్కడ సాగిన పని పేరో పెట్టారట. ఊరి చుట్టూ గోడ ఉండడంతో పక్కకు జరగడానికి చోటులేక ఇళ్లన్నీ పైపైకి లేచాయట, పై అంతస్తులవాళ్లు కేకేసి మరీ మురికినీళ్లు కిటికీలోంచి కిందికి కుమ్మరించేవాళ్లట. ఆ చివరి మాట చెబుతూ ముక్కు మూసుకుని, అలాంటిచోట మనుషులు ఎలా బతికారమ్మమ్మా అని అడిగింది. నేను బతికాను కదే తల్లీ, మీ అమ్మ ఉయ్యాల కూడా అలాంటి సందులోనే కట్టాం అన్నాను. "ఎఖ్ట్?" అంది కళ్లింతలు చేసుకుని, నిజంగానా అని. నిజంగానే మరి.

ఆ సందు ఎడిన్‌బరోలో కాదు, ఇక్కడే, నెకర్ నది ఒడ్డున ఒక చిన్న పాత ఊళ్లో. ముప్పై ఏళ్ల పైమాట. మా ఆయనకు ఆ ఊరి పక్కన యంత్రాల ఫ్యాక్టరీలో ఉద్యోగం, నేను హనుమకొండ నుంచి రెండు సూట్‌కేసులతో, ఒక ఆవకాయ జాడీతో దిగిన కొత్త కోడలిని. ఈ దేశంలో ఇల్లు దొరకడమంటే ఇవాళా గగనమే, ఇక ఆ రోజుల్లో చెప్పాలా. ఫోనులో తీయగా మాట్లాడినవాళ్లు మా మొహాలు చూడగానే అయ్యో, ఇప్పుడే ఎవరికో ఇచ్చేశామే అనేవారు. ఫ్యాక్టరీవాళ్ల ఒంటిగదిలో కాలక్షేపం చేస్తుండగానే నేను నీళ్లోసుకున్నాను. పసిపిల్ల వస్తే ఈ గదిలో ఉండనివ్వం అని వాళ్లు ముందే చెప్పేశారు. అలాంటి సమయంలో దేవుడిలా ఒక ఓనరు దొరికి, సందులో మేడమీది రెండు గదులు ఇచ్చాడు, ఆర్నెల్లు చూసి ఆపైన ఉంచాలో వద్దో చెబుతాననే షరతు మీద. ఇంకో మాట కూడా అన్నాడు. కింది వాటాలో ఉండే పెద్దావిడ ఆ ఇంట్లోనే పుట్టి పెరిగిందట, ఆవిడకు నచ్చకపోతే మాత్రం మీరు ఖాళీ చేయాల్సిందేనన్నాడు. ఆవిడ పేరు నోరు తిరిగేది కాదు, మేమిద్దరం కింది అవ్వ అనుకునేవాళ్లం.

ఆ సందు అందం ఏమని చెప్పను! రెండు చేతులూ చాపితే రెండు గోడలూ తగిలేవి. పూర్వం అక్కడ ద్రాక్షసారా చేసేవాళ్లు ఉండేవారని, ఒక పీపా దొర్లేంత వెడల్పు చాలనుకుని ఇళ్లు కట్టుకున్నారని కింది అవ్వే తర్వాత చెప్పింది. కింద నేల తక్కువ కాబట్టి పై అంతస్తులు ముందుకు పొడుచుకొచ్చి, మా వంటింటి కిటికీకీ ఎదురింటావిడ కిటికీకీ మధ్య మూరెడు దూరం కూడా ఉండేది కాదు. నేను పోపు పెడితే ఆవిడ తుమ్మేది, ఆవిడ కాఫీ కాస్తే మా ఆయన నిద్రలేచేవాడు. దాపరికమన్నది ఆ సందుకు తెలియదు. నాకైతే హనుమకొండలో మా ఇంటి వెనక గల్లీలోనే ఉన్నట్టుండి ప్రాణం లేచొచ్చింది.

ప్రాణం లేచొచ్చినదాన్ని ఊరుకున్నానా? మా అమ్మ పెంపకం ఊరుకోనిచ్చేది కాదు. సానుపు చల్లని వాకిట్లో లక్ష్మి అడుగుపెట్టదని విని పెరిగినదాన్ని. అక్కడ పేడనీళ్లెక్కడివి, బకెట్టెడు మామూలు నీళ్లే చల్లి, తెల్లారకముందే సందంతా ఈ చివరి నుంచి ఆ చివరికి ఊడ్చి, గడప ముందు మైదాపిండితో నాలుగు చుక్కల ముగ్గు పెట్టేదాన్ని. బియ్యప్పిండి దొరకాలంటే రైలెక్కి పోవాలి మరి. ఆ రోజుల్లోనే మా తలుపు పిడికి అప్పుడప్పుడూ ఒక చిన్న చెక్కపలక వేలాడుతూ కనిపించేది. ఒక వారం మా తలుపుకు, ఒక వారం కింది అవ్వ తలుపుకు. ఏదో వాళ్ల మొక్కు కాబోలనుకుని నేను దానికీ ఇంత పసుపు బొట్టు పెట్టాను.

అది కేర్‌వోహె పలక. ఊడ్చే వారం అన్నమాట. ఆ సీమలో ఇంటివాళ్లంతా వంతులేసుకుని వాకిలీ మెట్లూ శుభ్రం చేయాలి, పలక ఎవరి తలుపుకుంటే ఆ వారం పని వాళ్లది. ఇంటి కాగితాల్లో అంతా రాసే ఉందట. మా ఆయన ఇల్లు దొరికిన సంబరంలో చివరి పేజీ ఒక్కటే చూసి సంతకం గీకేశాడు. నేను ఎవరి వారమైనా ఊడ్చేస్తూనే ఉన్నాను.

రెండో నెలకల్లా కింది అవ్వ పలకరింపు మానేసింది. అంతకుముందు ఒకట్రెండుసార్లు మెట్ల దగ్గర నన్ను ఆపి గబగబా ఏదో చెప్పింది, నా పనితనం మెచ్చుకుంటోందనుకుని నేను పళ్లికిలించి తలాడించాను. తన వంతు వచ్చిన శనివారం పొద్దున పది గంటలకు, నేను అద్దంలా ఊడ్చిన వాకిటినే ఆవిడ మళ్లీ చరచరా ఊడ్చి, నా ముగ్గును బ్రష్షుతో తోమి తోమి కడిగేసేది. చూసి నాకు జాలేసేది. అయ్యో, ఈ వయసులో ముసలమ్మకు ఎంత కష్టం, నేనింకా బాగా ఊడిస్తే ఆవిడకీ శ్రమ తప్పుతుంది కదా అనుకుని, మర్నాటి నుంచి ఆవిడ గడపా, ఆవిడ మెట్టూ, ఆవిడ కాళ్లు తుడుచుకునే పట్టా కూడా దులపడం మొదలుపెట్టాను. మంచికి పోతే చెడు ఎదురవడమంటే అదే.

నాకు ఏడో నెల నిండేసరికి ఓనరు దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. మా ఆయన డిక్షనరీ ముందేసుకుని గంటసేపు కూడబలుక్కున్నాడు. మేడమీది అమ్మ తనది కాని వారంలో పదేపదే ఊడుస్తున్నదని కింది పెద్దావిడ ఫిర్యాదు చేసిందట, ఇలాగైతే ఆర్నెల్లు కాగానే ఇల్లు వదలాల్సి ఉంటుందట, శనివారం వచ్చి మాట్లాడతాడట. చెత్త వేసినందుకు తిట్టినవాళ్లను చూశాం గానీ ఊడ్చినందుకు ఇల్లు ఖాళీ చేయించేవాళ్లను లోకంలో ఎక్కడైనా చూశామా అని మా ఆయన చిందులేశాడు. నేను మాత్రం ఏడ్చాను. కడుపులో బిడ్డ, బయట చలి, మళ్లీ ఇల్లిల్లూ తిరిగి లేదనిపించుకోవాలి కదా.

శనివారం కింది అవ్వ వంటింట్లో నలుగురం కూర్చున్నాం. ఆవిడ మాట్లాడే పల్లె యాస మా ఆయన ఆఫీసు జర్మన్‌కు కొరుకుడు పడదు, ఓనరు ఆ మాటలను తేలిక చేసి చెబితే, మా ఆయన తెలుగు చేసి నాకు చెప్పాలి. మొదట అంతా నా తప్పుల చిట్టాయే. చివరికి ఆవిడ ఉన్నట్టుండి లేచి కిటికీ తెరిచి ఎదురింటి కిటికీ చూపించి, గబగబా ఏదో చెప్పింది.

అప్పుడు తెలిసిన సంగతి ఇది. ఆవిడ కొడుకు దూరాన పెద్ద పట్నంలో ఉంటాడు. అమ్మను వృద్ధాశ్రమంలో చేర్పించాలని రెండేళ్లుగా పట్టుబడుతున్నాడు, నా వారం నేను ఊడ్చుకోగలిగినన్నాళ్లు ఈ గడప దిగను అని ఈవిడ భీష్మించుకుంది. కొడుకు తెలివిగా ఎదురింటావిడకు ఫోను చేసి, అమ్మ వాకిలి ఇంకా తనే ఊడుస్తోందా అని అడిగాడట. ఆ ఎదురింటావిడ ఉన్నమాటే చెప్పింది, ఈమధ్య పైనుండే ఇండియా అమ్మాయే అంతా చేస్తోందని. దాంతో ఆశ్రమంలో గది మాట్లాడేసి, వచ్చే శనివారం తీసుకెళ్లడానికి వస్తున్నాడు.

నాకు ఇల్లు పోతుందని నేను ఏడుస్తున్నాను, ఆవిడ ఇల్లు నేనే ఊడ్చిపెట్టేశాను! సిగ్గుతో చచ్చిపోయాను. నాకొచ్చిన పాతిక జర్మన్ మాటల్లో క్షమించమనే మాట ఒక్కటే గుర్తొచ్చింది, దాన్నే ఆరేడుసార్లు అన్నాను. ఇకపై పలక మా తలుపుకుంటేనే చీపురు ముడతామని మా ఆయన మాటిచ్చాడు. ఓనరు సరేనని టోపీ పెట్టుకుని వెళ్లాడు. మా ఇల్లు నిలబడింది. ఆవిడ సంగతే మిగిలింది.

ఆ వచ్చే శనివారం ఆవిడ వంతే. ముందు మూడు రోజులు ఒకటే గాలివాన. పైన కొండమీది చెట్ల ఆకులన్నీ వరదకు కొట్టుకొచ్చి మా సందులో పేరుకుని, రాళ్లకు అంటుకుపోయాయి. ఆవిడకు నడుం పట్టేసి గోడ పట్టుకుని నడుస్తోంది. శుక్రవారమంతా నా చేతులు దురదపెట్టాయి, అయినా ముట్టుకోలేదు. శనివారం ఇంకా ఏ కిటికీలోనూ దీపం వెలగకముందు, నా పెద్ద పొట్ట నేను మోసుకుంటూ, చెప్పులు విప్పి మేజోళ్లతోనే మెట్లు దిగాను. నీళ్లు చల్లితే చప్పుడవుతుందని చల్లలేదు, ముగ్గు పెట్టలేదు. అంటుకున్న ఆకులన్నీ చేత్తో ఏరి, మెత్తటి చీపురుతో పిల్లిలా ఊడ్చి, గడప దగ్గర మాత్రం నాలుగు ఆకులు కావాలనే వదిలేసి పైకొచ్చి పడుకున్నాను. మా ఆయన ఒక కన్ను తెరిచి చూసి, మాటిచ్చింది నేను కదా, నువ్వు కాదు కదా అని అటు తిరిగాడు.

పది గంటలకు కొడుకు వచ్చి సందు మొదట్లో నిలబడ్డాడు. కింది అవ్వ ఇస్త్రీ చేసిన ఏప్రన్ కట్టుకుని, తల నున్నగా దువ్వుకుని, పొడుగు కర్ర చీపురుతో బయటికొచ్చింది. వాకిలి చూసింది. మేడమీదికి మాత్రం చూడలేదు. నడుం నిటారుగా నిలబెట్టి, శుభ్రంగా ఉన్న సందును ఈ చివరి నుంచి ఆ చివరి దాకా రాణీగారిలా ఊడ్చి, ఆ నాలుగు ఆకులనూ చేటలోకెత్తి కొడుకు కళ్లముందే చెత్తడబ్బాలో వేసింది. ఎదురింటావిడ కిటికీ బార్లా తెరిచి చూస్తూనే ఉంది. మధ్యాహ్నం కాఫీ తాగి కొడుకు ఒక్కడే కారెక్కాడు. నేను మేడమీద కిటికీ వెనక నిలబడి ఈలవేయబోయి ఆపుకున్నాను.

ఆవిడ నాకు కృతజ్ఞతలు చెప్పలేదు, చెబితే ఒప్పుకున్నట్టవుతుంది కదా. అయితే ఆ తర్వాత తన వారం వచ్చినప్పుడల్లా శుక్రవారం సాయంత్రం ఆ పొడుగు కర్ర చీపురు మా మెట్టు మీద ఆనించి ఉండేది, శనివారం పది గంటలకు ఆవిడ చేతిలో ఉండేది. మా అమ్మాయి పుట్టి నేను మంచం మీదున్న వారాల్లో మాత్రం మా వంతు పలక తన తలుపుకు తగిలించుకుని, పైవాళ్లది కూడా నేనే చేస్తున్నానని సందంతా వినపడేలా చెప్పుకుంది. ఆ వారాలన్నీ ఆవిడ నడుం నొప్పి ఎటు పోయిందో! ఆ సందు కథలన్నీ ఆ వంటింట్లో ఆవిడ ఒళ్లో పిల్లను వేసుకుని చెప్పినవే. ఒకప్పుడు అక్కడా కిటికీల్లోంచి మురికినీళ్లు పోసేవాళ్లట, బురదలో చెక్కలేసుకుని నడిచేవాళ్లట, ఎవరి గడప ముందు వాళ్లు ఊడ్వాలని ఊరి పెద్దలు ఆజ్ఞ ఇచ్చాకే ఆ రాళ్లకు రంగొచ్చిందట. మేమున్న ఏడేళ్లూ, మేమొచ్చేశాక మరో రెండేళ్లూ ఆవిడ ఆ ఇంట్లోనే ఉంది, ఆ ఇంట్లోనే కన్నుమూసింది.

పోయినేడు ఆ ఊరికి వెళ్లాం. ఇళ్లకు కొత్త రంగులేశారు, గోడమీద సందు చరిత్ర రాసిన ఫలకం పెట్టారు. లోపలంతా రెండ్రోజులుండి వెళ్లిపోయే టూరిస్టులే. గురువారం గురువారం కంపెనీ బండి వచ్చి మిషనుతో ఊడ్చి పోతుందట. మా కార్ల్స్‌రూహె ఫ్లాటులోనూ అంతే, అద్దెతోపాటే ఊడ్చే ఖర్చూ కడతాం, ఎవరు ఊడుస్తారో తెలియదు, పక్క ఫ్లాటులో ఎవరుంటారో తెలియదు. సుఖమే, కాదనను.

మొన్న మా అమ్మాయి వచ్చి వెళ్లాక బల్లమీద ఒక రంగురంగుల కాగితం కనిపించింది, లిఫ్టూ నర్సూ భోజనం హాలూ ఉన్న పెద్దవాళ్ల ఇళ్లట. మరిచిపోయినట్టు వదిలి వెళ్లింది, పిచ్చిది, నా దగ్గరా ఈ నాటకాలు. నాకు కోపం రాలేదు, కానీ నవ్వూ పూర్తిగా రాలేదు. నాకింకా నడుం వంగుతుంది, చేతిలో చీపురు ఆడుతుంది. ఆ సంగతి మా అమ్మాయి ఫోను చేసి అడగడానికి, నా తరఫున ఉన్నమాట చెప్పడానికి, ఎదురు కిటికీలో ఒక మనిషే లేదు.