చేత్తో విన్న మావయ్య

నిన్న పొద్దున్నే పి.గన్నవరం నుంచి మావయ్య కూతురు మేరీ వదిన ఫోన్.

"నాన్నగారు వెళ్ళిపోయేరమ్మా."

స్టవ్ మీద పాలు పొంగిపోతున్నాయి. చూస్తూ నిలబడిపోయాను.

మావయ్య అంటే మా అమ్మకి అన్నయ్య. పంతొమ్మిది వందల డెబ్భైల్లో కురిడీలు చూడటమే ఆయన పని. నెలల తరబడి అటక మీద ఉంచిన కొబ్బరికాయలో నీళ్ళు ఇంకిపోయి, కొబ్బరి గుండులా విడిపోతుంది, అదే కురిడీ. చెవి దగ్గర ఆడిస్తే లొడలొడమనాలి. అప్పుడే వలవాలి.

ఆయనతో భోజనం అంటే మాకు పెద్ద టెస్ట్. "కళ్ళకి స్తోత్రం, చెవులకి స్తోత్రం, ముక్కుకి స్తోత్రం..." ప్రార్థన తెమిలేది కాదు.

"పులుసు చల్లారిపోతోంది మావయ్యా!" అని విసుక్కునేదాన్ని.

ఎనభైల మొదట్లో విషజ్వరం వచ్చి ఆయన చెవులు పోయాయి. ఎవరికీ చెప్పలేదు. అలవాటుగా కాయ చెవి దగ్గర ఆడించడం, తలూపడం.

ఒకరోజు సగం అటక వలిపించేశారు. కొట్టి చూస్తే అన్నిట్లోనూ ఇంకా నీళ్ళే.

అత్తయ్య వెనకనుంచి "ఏవండీ" అని పిలిచింది. మళ్ళీ పిలిచింది. ఆయన తిరగలేదు.

అప్పుడు తెలిసింది మాకు.

ఆ మధ్యాహ్నం ప్రార్థనలో చెవుల దగ్గర ఆగిపోయారు. అత్తయ్య వెక్కి వెక్కి ఏడుస్తోంది. అదీ ఆయనకి వినపడదు.

"నలభై ఏళ్ళు విన్నాను ప్రభువా. దానికి స్తోత్రం" అన్నారు.

నాకు ఆ దేవుడి మీద ఒళ్ళు మండిపోయింది.

ఏడాది తిరిగేసరికి కాయని అరచేతిలో ఆడించి కురిడీ అయిందో లేదో చెప్పేసేవారు. ఒకటి నా చేతిలో పెట్టి, "కళ్ళు మూసుకోమ్మా. తగిలిందా?" అన్నారు.

తగిలింది. లోపల గుండు మెల్లగా వచ్చి అరచేతికి కొట్టుకుంది.

"మరి ఈ చేతికి ఎప్పుడైనా స్తోత్రం చెప్పేవా?"

నవ్వేసి కాయ ఆయన చేతిలో పెట్టేశాను.

తర్వాత షుగర్ ఆయన చూపు కూడా తీసుకుపోయింది. ఫోన్ చేస్తే వినపడదు, వీడియో కాల్ చేస్తే కనపడదు. ఇంక వెళ్ళి ఏం చేస్తాంలే అనుకున్నాను. రెండేళ్ళు అలాగే అనుకున్నాను. ఒక్క బస్సు ఎక్కితే చాలు. సిగ్గులేదు నాకు.

నిన్న వదిన ఇంకో మాట చెప్పింది.

"మొన్న అన్నం ముందు నా చెయ్యి పట్టుకుని ప్రార్థన చేసేరమ్మా. వేళ్ళు తడిమి తడిమి, నువ్వొచ్చేవనుకున్నారు. నీ పేరు చెప్పి, ఈ చేతికి స్తోత్రం అన్నారు. నేను కాదనలేకపోయేను."

సారీ మావయ్యా. ఆ చెయ్యి నాది కాదు.

ఇవాళ మీ ప్రార్థన మొత్తం చెప్పాను, కళ్ళ నుంచి చేతుల దాకా. పులుసు చల్లారిపోయింది.

ఇక హాయిగా పడుకోండి.