తల లేని చేప

నా చిన్నప్పుడు మా నాయనమ్మ అనుమానించని సరుకు రాజమండ్రిలో ఉండేది కాదు. మా వీధి మలుపులో కొత్తగా తెరిచిన సూపర్ మార్కెట్టంటే ఆవిడకి మరీ గిట్టేది కాదు. అక్కడి టమాటాలు వారమైనా మెత్తబడకపోతే ఏదో మందు కొట్టి ఉంటారనేది. ప్యాకెట్ పాలు కాచి, మీగడ ఎంత కట్టిందో చెంచాతో ఎత్తి చూసి పెదవి విరిచేది. ఆవిడ కొంగు పట్టుకు తిరిగే నేనూ అలాగే తయారయ్యాను. బిస్కెట్‌ని కూడా వాసన చూసి గానీ నోట్లో పెట్టేదాన్ని కాదు.

నాయనమ్మ కళ్ళు మూసుకుని నమ్మే మనిషి ఒక్కర్తే, మా చేపలమామ్మ. గోదావరి ఒడ్డున జాలర్ల పేటలో ఉండేది. పొద్దున్నే నెత్తిన బుట్టతో వచ్చి మా అరుగు మీద దించేది. ఆవిడ ఏ చేప తీసిస్తే మా ఇంట్లో ఆ పూట అదే పులుసు.

ఒక శనివారం సాయంత్రం నాన్న సూపర్ మార్కెట్ నుంచి చేపముక్కల ప్యాకెట్ తెచ్చారు. శుభ్రంగా కోసి, గడ్డకట్టించి, తెల్లటి ట్రేలో సర్ది ఉన్నాయి. నాయనమ్మ దాన్ని ముట్టుకోలేదు. "తల లేని చేపని ఎలా నమ్మమంటావురా? కన్నూ లేదు, మొప్పా లేదు" అంది. మొప్ప ఎర్రగా ఉంటే తాజా చేప, రంగు మారితే నిల్వ చేప అని ఆవిడే నాకు ఎన్నోసార్లు చెప్పింది. మర్నాడు చేపలమామ్మకి చూపిస్తే సంగతి తేలిపోతుందని ఇద్దరం ఆశగా ఎదురుచూశాం.

పొద్దున్న మామ్మ వచ్చి, రాత్రంతా ఫ్రిజ్‌లో కరిగిన ముక్కని వేలితో నొక్కింది. వాసన చూసింది. తిట్టిపోస్తుందనుకున్నాం.

"బాగానే ఉందండమ్మగారూ. పట్టిన రోజే ఐసులో పెట్టుంటారండి. పులుసు పెట్టుకోవచ్చండి" అంది.

నాయనమ్మ మొహం మాడిపోయింది. ఆ కొట్టువాళ్ళు ఈవిడకేమైనా ముట్టజెప్పారేమోనని నాకు నిజంగానే అనుమానం వచ్చింది.

"నీ చేపకీ దీనికీ పోలికేంటి? నువ్వేదిచ్చినా మేం చూడకుండానే తీసుకుంటాం కదా" అంది నాయనమ్మ కోపంగా.

మామ్మ తన బుట్ట ముందుకు జరిపింది. తర్వాత నన్ను దగ్గరికి పిలిచి, "ఇందులో మంచిది తీయండి పాపగారూ" అంది. అన్నిటికంటే తళతళలాడుతున్న శీలావతి చేపని చూపించాను. ఆవిడ దాని మొప్ప ఎత్తింది. లోపల మట్టిరంగు.

"నిన్నటిదండి ఇది. నీళ్ళు చల్లితే ఇలాగే మెరుస్తాదండి. ఉప్పేసి ఎండబెడదామని ఉంచాను."

నాయనమ్మ గొంతు మారింది. "అయితే మాకూ ఎప్పుడైనా ఇలాంటిది అమ్మావా?"

"అమ్మానండి" అంది మామ్మ, తల దించుకుని. "మా ఆయన జ్వరమొచ్చి వలకెళ్ళని రోజుల్లో, రెండుసార్లు. మీరు చూడరని తెలుసండి. ఇకనించి చూడండమ్మగారూ, నా బుట్టైనా సరే."

ఆ రోజు నాయనమ్మ ఆవిడ దగ్గర ఏమీ కొనలేదు. ప్యాకెట్ ముక్కలతోనే పులుసు పెట్టింది. ఎలా ఉందో ఎవరూ పైకి అనలేదు. వారంపాటు మామ్మ మా ఇంటివైపు చూడకుండా వీధిలో కేకేసుకుంటూ వెళ్ళిపోయేది. ఆ కేక వినబడినప్పుడల్లా నాయనమ్మ వంటింట్లో గిన్నెలు గట్టిగా చప్పుడు చేసేది. ఎనిమిదో రోజు తనే గుమ్మంలోకి వెళ్ళి పిలిచింది. అప్పట్నుంచి మొప్ప ఎత్తి చూడటం నా పని. నేను తలూపేదాకా మామ్మ ధర చెప్పేది కాదు.

ఇప్పటికీ సూపర్ మార్కెట్లో ప్యాకెట్ తిప్పి తేదీ చూస్తాను. తోటలోంచి ఇప్పుడే కోసుకొచ్చామన్న బెండకాయ కొస కూడా విరిచి చూస్తాను. "ఎవర్నీ నమ్మవా అమ్మా?" అని నవ్వుతుంది మా అమ్మాయి. నమ్ముతాను. మొన్న రైతుబజారులో కూరగాయలమ్మే ఒకావిడ నేను ఏరుకున్న వంకాయలు చూసి, "అందులో రెండు పుచ్చులున్నాయండి, తీసేయండి" అంది. అరకేజీకి వెళ్ళినదాన్ని కేజీ కొనుక్కొచ్చాను.